ఫ్లో డైవర్టర్ వేయించుకుని ఇంటికొచ్చాక: మీ ప్రశ్నలు, వైద్యుల జవాబులు

ఒడిశాలోని గజపతి, గంజాం, రాయగడ, కొరాపుట్ జిల్లాల తెలుగు ఇళ్ళ నుంచి మెదడు ఎన్యూరిజమ్ చికిత్స మీద వచ్చిన ఉత్తరాలన్నిటినీ ఈసారి ఒకచోట చేర్చాం. చికిత్స జరిగేది విశాఖలోనో భువనేశ్వర్‌లోనో. చిక్కు వస్తే మాత్రం చాలాసార్లు ఊళ్ళోనే వస్తుంది, ఇంటికి చేరిన రెండో వారంలోనో మూడో నెలలోనో. అందుకే ఇంట్లోవాళ్ళకు ఏది మామూలు, దేనికి పరుగెత్తాలి అన్నది తెలిసి ఉండాలి. జవాబులిచ్చింది మెదడు రక్తనాళాలకు చికిత్స చేసే వైద్యులు.

జవాబులు అర్థం కావాలంటే ముందు ఆ పరికరం ఏం చేస్తుందో తెలియాలి. ధమని గోడ ఒకచోట బలహీనపడి బుడగలా ఉబ్బితే అదే ఎన్యూరిజమ్. ఫ్లో డైవర్టర్ సన్నటి లోహపు తీగలతో అల్లిన జాలీ గొట్టం. పైప్‌లైన్ అనే రకంలో 48 తీగలుంటాయి, 36 కోబాల్ట్ క్రోమియంవి, 12 ప్లాటినంవి. గజ్జ నుంచో మణికట్టు నుంచో సన్నటి గొట్టం పంపి దీన్ని బుడగ మూతికి అడ్డంగా, అసలు ధమనిలోనే పరుస్తారు. మామూలుగా బుడగలో ఏమీ పెట్టరు. ఏటి పాయకు అడ్డుకట్ట పడితే పక్క మడుగు మెల్లగా పూడినట్టు, బుడగలోకి రక్తం జోరు తగ్గి అక్కడ గడ్డ కడుతుంది. నెలలు గడిచేకొద్దీ జాలీ మీద లోపొర పెరిగి మూతి మూసుకుంటుంది.

అంటే బుడగలో రక్తం గడ్డ కట్టాలి, దాన్ని ఆనుకునే ఉన్న జాలీ గొట్టంలో మాత్రం కట్టకూడదు. ఈ చికిత్స తర్వాత వచ్చే చిక్కుల్లో చాలా భాగం ఈ రెండింటి మధ్య తూకం తప్పడం వల్ల వచ్చేవే.

ప్రశ్న: మా అత్తగారికి 58 ఏళ్ళు. ఎడమ కన్ను వెనక ధమనిలో 17 మిల్లీమీటర్ల ఎన్యూరిజమ్ ఉందని ఫ్లో డైవర్టర్ వేశారు. ఇంటికొచ్చి రెండు వారాలు కావస్తోంది. అంతకుముందు ఏది చూసినా రెండుగా కనిపించేది. ఇప్పుడు ఆ కంటి చుట్టూ పోటు ఎక్కువైంది, రెప్ప వాలిపోయింది. ఆపరేషన్ బాగా జరిగిందనే చెప్పారు. మరి ఇలా ఎందుకవుతోంది? లోపల పగులుతోందా?
— ఒక కోడలు, పర్లాకిమిడి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం అందగానే స్కానింగ్‌కి తీసుకెళ్ళమని విడిగా కబురు చేశాం. ఇదే పరిస్థితి ఎదురయ్యే మిగతావాళ్ళ కోసం వివరంగా చెబుతున్నాం.

పెద్ద బుడగలో గడ్డ కట్టడం మొదలైతే అది వెంటనే కుంచించుకుపోదు. మొదటి రోజుల్లో, వారాల్లో లోపలి గడ్డ వల్ల బుడగ గోడలో వాపు వస్తుంది, కొన్నిసార్లు బుడగే కాస్త పెద్దదవుతుంది. కన్ను వెనక ఉండే చోట కనుగుడ్డును, రెప్పను ఆడించే నరాలు దానికి ఆనుకునే పోతాయి. వాటి మీద ఒత్తిడి పెరిగితే కంటి చుట్టూ పోటు, రెండుగా కనిపించడం, రెప్ప వాలడం తాత్కాలికంగా ఎక్కువవుతాయి. ఇలాంటప్పుడు చాలామందికి కొద్ది రోజులు డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ ఇస్తారు. షుగరు ఉంటే అది పెరుగుతుంది కాబట్టి రోజూ చూసుకోవాలి. రక్తం గడ్డకట్టకుండా రోజూ వేసుకునే ఆస్పిరిన్‌తో పాటు స్టెరాయిడ్ పడితే కడుపులో పుండు పడే ప్రమాదం ఉంది, దానికి రక్షణగా పాంటోప్రజోల్ ఇస్తారు. నరం కోలుకోవడానికి నెలలు పడుతుంది. రెప్ప ముందు లేస్తుంది, చూపు రెండుగా కనబడటం ఆలస్యంగా పోతుంది.

ఇవే లక్షణాల వెనక ఇంకో ప్రమాదం కూడా దాగి ఉండొచ్చు. అది బుడగ ఆలస్యంగా పగలడం. ఇది అరుదు. 793 మంది రోగుల వివరాలతో 2014లో వెలువడిన ఇంట్రెపెడ్ అనే పెద్ద పరిశీలనలో ఇది నూటికి 0.6 మాత్రమే. కానీ జరిగితే ప్రాణాంతకం. ఎక్కువగా పెద్ద బుడగల్లోనే, ఎక్కువగా మొదటి నెలలోనే జరుగుతుంది. కారణం ఏమిటంటే, తాజా గడ్డలోంచి వెలువడే ఎంజైములు అప్పటికే పలచబడ్డ గోడను తినేస్తాయి. అందుకే చాలా పెద్ద బుడగలైతే కొందరు వైద్యులు జాలీతో పాటు బుడగలో కొన్ని కాయిల్స్ (సన్నటి లోహపు తీగ చుట్టలు) కూడా పెడతారు.

వాపు నొప్పికీ పగలడానికీ తేడా ఇంట్లో కొంతవరకే తెలుస్తుంది. వాపు నొప్పి రోజురోజుకీ మెల్లగా పెరుగుతుంది, కన్ను చుట్టూ, కణత దగ్గర ఉంటుంది, మనిషి మామూలుగా మాట్లాడుతుంది. పగిలితే నొప్పి ఒక్క క్షణంలో తలంతా కమ్ముతుంది. మెడ పట్టేస్తుంది, వాంతులవుతాయి, మత్తు వస్తుంది, ఒక్కోసారి ఫిట్స్ వస్తాయి. రెండూ కలిసి కూడా రావొచ్చు. అందుకే మొదటి ఆరు వారాల్లో కొత్తగా నొప్పి పెరిగినా, రెప్ప కొత్తగా వాలినా, ఆ కంటి పాప పెద్దదై వెలుతురుకి ముడుచుకోకపోయినా అదే రోజు సీటీ స్కాన్ చేయించి, చికిత్స చేసిన బృందానికి ఆ బొమ్మలు ఫోన్‌లో పంపాలి. బొమ్మలు మామూలుగా ఉంటే సంతోషమే, ఒక రోజు కూలి, ఒక స్కాన్ ఖర్చు. కన్నులో చుక్కలు వేసుకుని, కన్ను డాక్టరు వచ్చే వారం దాకా ఆగడం మాత్రం చేయకండి.

ఎంత నొప్పి ఉన్నా రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు. బుడగ పగిలిందన్న భయంతో మాత్రలు ఆపేస్తే జాలీ మూసుకుని పక్షవాతం రావచ్చు.

ప్రశ్న: నాన్నగారికి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రాశారు. ఆపరేషన్‌కి ముందు ఏదో పరీక్ష చేసి "పీఆర్‌యూ 268" అని వచ్చిందని, క్లోపిడోగ్రెల్ తీసేసి టికాగ్రెలోర్ 90 పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేయమన్నారు. ఆ మందు ఖరీదు ఎక్కువ. పైగా వేసుకున్నాక ఆయాసంగా ఉందంటున్నారు. ఇక్కడి మందుల షాపాయన పాత మాత్రే ఇస్తానంటున్నాడు. రెండూ ఒకటేనా?
— ఒక కొడుకు, రాయగడ

జవాబు: ఒకటి కావు. షాపులో మార్పించుకోవద్దు.

క్లోపిడోగ్రెల్ మింగినప్పుడు అది ఇంకా మందు కాదు. కాలేయంలోని సీవైపీ2సీ19 అనే ఎంజైము దాన్ని మార్చాకే పని మొదలవుతుంది. పుట్టుకతోనే ఆ ఎంజైము మందంగా పనిచేసేవాళ్ళు మన దేశంలో తక్కువేం కాదు. వాళ్ళు మాత్ర క్రమం తప్పకుండా వేసుకుంటున్నా ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టించే కణాలు) అతుక్కోవడం ఆగదు. పీఆర్‌యూ పరీక్ష కొలిచేది దాన్నే. మెదడు జాలీల విషయంలో చాలామంది వైద్యులు 60 నుంచి 240 మధ్య ఉండాలని చూస్తారు. పైకి పోతే గడ్డ భయం, మరీ కిందికి పోతే రక్తస్రావ భయం. మీ నాన్నగారికి 268 అంటే క్లోపిడోగ్రెల్ ఆయన ఒంటికి చాలడం లేదు. టికాగ్రెలోర్ ఆ ఎంజైము మీద ఆధారపడదు, అందుకే మార్చారు.

ఆయాసం ఆ మందుకు తెలిసిన దుష్ఫలితమే. గుండె జబ్బుల మీద జరిగిన పెద్ద పరీక్షలో దాదాపు ఏడుగురిలో ఒకరికి వచ్చింది. చాలావరకు ఊరికే కూర్చున్నప్పుడే ఊపిరి చాలనట్టు అనిపిస్తుంది, చాలామందికి కొద్ది వారాల్లో సర్దుకుంటుంది. అయినా ఒకసారి ఛాతీ చూపించి, ఈసీజీ తీయించి, గుండె, ఊపిరితిత్తుల జబ్బు కాదని తేల్చుకోండి. అసలు భరించలేకపోతే ప్రాసుగ్రెల్ అనే మరో మందు ఉంది. అయితే అంతకుముందు పక్షవాతం వచ్చినవాళ్ళకు అది సాధారణంగా ఇవ్వరు, 60 కిలోల లోపు బరువుంటే మోతాదు తగ్గిస్తారు. ఏది మార్చాలన్నా చికిత్స చేసిన వైద్యులే మార్చాలి. ఎందుకంటే ఒక మందు నుంచి ఇంకోదానికి దాటేటప్పుడు మొదటి మోతాదు ఎంత, ఎన్ని గంటలకు అన్నదాంట్లోనే తప్పు జరుగుతుంది.

మాత్రల విషయంలో ఊళ్ళో జరిగే పొరపాట్లు ఇంకొన్ని ఉన్నాయి. గ్యాస్ అని షాపులో అడిగితే చేతికిచ్చేది చాలావరకు ఒమెప్రజోల్. అది, ఈసోమెప్రజోల్, రెండూ క్లోపిడోగ్రెల్ బలాన్ని తగ్గిస్తాయి. పాంటోప్రజోల్‌తో ఆ బెడద చాలా తక్కువ. కీళ్ళ నొప్పులకు ఇబుప్రొఫెన్ వేసుకుంటే అది ఆస్పిరిన్ పనికి అడ్డుపడుతుంది, పైగా కడుపులో రక్తం కారే ప్రమాదం పెంచుతుంది. డైక్లోఫెనాక్‌తోనూ కడుపుకు అదే ప్రమాదం. టికాగ్రెలోర్ వేసుకునేవాళ్ళకు ఆస్పిరిన్ రోజుకు 100 మి.గ్రా. దాటకూడదు, 75 సరిపోతుంది. టీబీ మందుల్లో ఉండే రిఫాంపిసిన్, ఫిట్స్‌కి ఇచ్చే ఫెనిటోయిన్, కార్బమజెపిన్ టికాగ్రెలోర్‌ని ఒంట్లో నిలవనివ్వవు. క్లారిత్రోమైసిన్ దాన్ని పెంచేస్తుంది. కాబట్టి దగ్గు తగ్గలేదని కఫం పరీక్షకు వెళ్ళి టీబీ మందు మొదలుపెట్టాల్సి వస్తే, మొదటి రోజే ఈ మాత్ర సంగతి చెప్పాలి.

మాత్ర మరిచిపోతే: క్లోపిడోగ్రెల్ అయితే గుర్తొచ్చినప్పుడు వేసుకోండి, మర్నాడు గుర్తొస్తే ఆ రోజుది ఒక్కటే. టికాగ్రెలోర్ అయితే తప్పినది వదిలేసి, తర్వాతి మాత్ర దాని వేళకే. తప్పిన మాత్ర, ఆ వేళకు వేసుకోవాల్సిన మాత్ర రెండూ కలిపి ఎప్పుడూ వేయకండి. మాత్రలు అయిపోయేదాకా ఆగకుండా పది రోజుల ముందే తెచ్చి పెట్టుకోండి. టికాగ్రెలోర్ బలం ఒకటి రెండు రోజుల్లోనే దిగిపోతుంది, పండక్కి షాపు మూసి ఉందని ఊరుకునే మందు కాదు.

ఎంతకాలం అన్నది అందరూ అడిగేదే. మామూలుగా రెండు మందులూ 3 నుంచి 6 నెలలు, ఆ తర్వాత యాంజియోగ్రామ్ (రక్తనాళాల్లోకి రంగుమందు ఎక్కించి తీసే ఎక్స్‌రే) చూసి రెండోది ఆపుతారు. ఆస్పిరిన్ కనీసం ఏడాది, చాలామందికి జీవితాంతం.

ప్రశ్న: మా చిన్నాన్నకు చికిత్స జరిగి రెండు నెలలు. నిన్న భోంచేస్తుంటే కుడి చెయ్యి పట్టు తప్పి ముద్ద జారిపోయింది, మాట ముద్దగా వచ్చింది. పావుగంటలో అంతా మామూలైంది. తగ్గిపోయింది కదా అని ఆయన కదలనంటున్నారు.
— ఛత్రపురం

జవాబు: ఇప్పుడే బయలుదేరదీయండి. తగ్గిపోయిందన్న ధీమాతో ఆగకూడదు. జాలీ మీద చిన్న గడ్డ కట్టి, అందులోంచి తునక ఒకటి కొట్టుకుపోయి కరిగి ఉండొచ్చు. తర్వాతిది కరగకపోవచ్చు. పైన చెప్పిన ఇంట్రెపెడ్ పరిశీలనలో రక్తం అందక వచ్చిన పక్షవాతం నూటికి 4.7. ఎక్కువసార్లు దీని వెనక ఉండేవి మూడు: మాత్ర ఆపడం, మాత్ర ఒంటికి పట్టకపోవడం, జాలీ ధమని గోడకు పూర్తిగా ఆనకపోవడం. మూడోదాన్ని యాంజియోగ్రామ్‌లోనే చూడగలరు.

నోరు వంకరపోవడం, ఒక చెయ్యి లేదా కాలు బలం తగ్గడం, మాట తడబడటం, ఒక కంటికి తెర దించినట్టు చూపు పోవడం, ఇవన్నీ ఒకే కోవలోవి. కంటి ధమని మూతి జాలీ కింద పడటం మామూలే. చాలామందికి ముఖం ధమనుల నుంచి కంటికి వేరే దారిలో రక్తం అందుతుంది కాబట్టి ఏమీ తెలియదు. కొందరికి మాత్రం చూపులో నల్లటి మచ్చ మిగులుతుంది.

ఇవే లక్షణాలు మెదడులో రక్తం చిమ్మినా వస్తాయి. జాలీ వేసిన వైపే, బుడగకు దూరంగా, మెదడు పదార్థంలో రక్తస్రావం కావడం ఈ చికిత్సకు ప్రత్యేకమైన చిక్కు. ఎక్కువగా మొదటి నెలలో, ఆ పరిశీలనలో నూటికి 2.4. గడ్డకు చేసే వైద్యం వేరు, రక్తస్రావానికి వేరు, ఒకటి చేయాల్సినచోట ఇంకోటి చేస్తే ప్రాణం మీదికొస్తుంది. సీటీ చూడకుండా ఎంత అనుభవమున్న వైద్యులైనా ఏదో తేల్చలేరు. అందుకే ఇంట్లో అదనంగా ఆస్పిరిన్ నమలనివ్వకండి. గుండెపోటుకు చెప్పే సలహా ఇక్కడ వాడకూడదు.

చేయాల్సింది: ఆఖరుగా మామూలుగా ఉన్న సమయం కాగితం మీద రాయండి. ఆస్పత్రిలో అడిగే మొదటి ప్రశ్న అదే. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి నాలుగున్నర గంటలు గడువు, కొందరికి తీగ పంపి గడ్డ తీయడానికి ఇంకా ఎక్కువ సమయం ఉంటుంది. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో నీళ్ళు, మాత్ర, నిమ్మరసం ఏదీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. షుగరు మిషను ఉంటే వేలు గుచ్చి చూడండి, షుగరు పడిపోయినా ఇలాగే ఉంటుంది. 108కి ఫోన్ చేసి "పక్షవాతం, మెదడులో స్టెంట్ ఉంది" అని చెప్పండి. సీటీ ఉన్న ఆస్పత్రికే తీసుకెళ్ళమని అడగండి. మీకు బరంపురంలోని ఎంకేసీజీ వైద్య కళాశాల దగ్గర. కొరాపుట్ వైపు వాళ్ళకు లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల. అక్కడ సీటీ తీయించుకుని, గడ్డో రక్తస్రావమో తేలాక విశాఖో భువనేశ్వరో ఎక్కండి. స్కాన్ లేకుండా గంటల తరబడి ఘాట్ రోడ్డు దిగితే దారిలో చేయగలిగింది ఏమీ ఉండదు.

ఇంకో పని ఈ రోజే చేసి పెట్టుకోండి. జేబులో పట్టే కార్డు ఒకటి, ఒక పక్క ఇంగ్లీషులో, ఇంకో పక్క ఒడియాలో రాయించండి. జాలీ పేరు, కొలత, ఏ వైపు ధమని, వేసిన తేదీ, మాత్రల పేర్లు, మోతాదు, చికిత్స చేసిన విభాగం ఫోన్ నంబరు. రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరుకు మీ తెలుగు అర్థం కాకపోయినా ఈ కార్డు అర్థమవుతుంది.

ప్రశ్న: జ్వరాల కాలం వచ్చింది. మా ఆయనకి ఏప్రిల్‌లో జాలీ పెట్టారు. మలేరియా, డెంగీ వస్తే ఈ మాత్రలు వేసుకోవచ్చా? మా దగ్గర జ్వరమంటే ముందు సూదే వేస్తారు.
— జయపురం

జవాబు: చాలా మంచి ప్రశ్న, తల్లీ. డిశ్చార్జి కాగితంలో ఈ సంగతి ఎవరూ రాయరు. కానీ మన కొండ జిల్లాల్లో వానాకాలం ఇది తప్పకుండా ఎదురవుతుంది.

మలేరియా, డెంగీ రెండూ ప్లేట్‌లెట్లను తగ్గిస్తాయి. మాత్రలు మిగిలిన ప్లేట్‌లెట్లను పని చేయనివ్వవు. రెండూ కలిస్తే చిన్న దెబ్బకే రక్తం ఆగదు. అలాగని మొదటి జ్వరానికే మాత్రలు ఆపేస్తే జాలీ మూసుకుంటుంది. కాబట్టి జ్వరం వచ్చిన రోజే ఆశా కార్యకర్త దగ్గర కిట్‌తో మలేరియా పరీక్ష, ఆస్పత్రిలో ప్లేట్‌లెట్ లెక్క, అవసరమైతే డెంగీ పరీక్ష చేయించండి. మలేరియా అని తేలితే దాని మందు వెంటనే మొదలుపెట్టాలి, జాలీ ఉందని వెనకాడొద్దు. ప్లేట్‌లెట్లు లక్షకు పైన ఉంటే మాత్రలు నడుస్తాయి, లెక్క రోజూ చూడాలి. 50 వేలకు దగ్గరపడితే ఆస్పత్రిలో చేర్చాలి. అక్కణ్ణుంచి రెండు మందుల్లో ఏది ఆపాలి, ఎన్ని రోజులు అన్నది జాలీ వేసి ఎంతకాలమైంది అన్నదాన్ని బట్టి చికిత్స చేసిన బృందం ఫోన్‌లోనే చెబుతుంది. మొదటి మూడు నెలల్లో ఉన్నవాళ్ళకూ ఏడాది దాటినవాళ్ళకూ ఒకే జవాబు ఉండదు. చిగుళ్ళ నుంచి రక్తం, నల్లటి విరేచనం, ఒంటి మీద ఎర్రచుక్కలు కనిపిస్తే లెక్క ఎంతున్నా ఆస్పత్రికి వెళ్ళాల్సిందే.

సూది సంగతి. పిరుదుకు వేసే డైక్లోఫెనాక్ సూది వద్దు. కండలో రక్తం చేరి పెద్ద గడ్డవుతుంది, కడుపుకూ చేటు. జ్వరానికి పారాసిటమాల్ 500 లేదా 650, ఆరేసి గంటలకు ఒకటి, రోజుకు 3 గ్రాములు దాటకుండా చాలు. మలేరియా ముదిరి ఆర్టెసునేట్ కావలసి వస్తే దాన్ని నరంలోకే ఎక్కిస్తారు, ఇబ్బంది లేదు. టీటీ లాంటివి తప్పనిసరైతే సన్న సూదితో వేయించి, పది నిమిషాలు గట్టిగా అదిమి పట్టండి, రుద్దకండి. నీళ్ళు బాగా తాగించండి. ఒంట్లో నీరు ఇంకిపోతే రక్తం చిక్కబడుతుంది, జాలీకి అదీ మంచిది కాదు.

పాము కాటు గురించి కూడా ఒక మాట. రక్తపింజర విషం రక్తం గడ్డకట్టే శక్తినే తీసేస్తుంది. ఈ మాత్రలు వాడే మనిషికి కాటు పడితే విషానికి మందు వేసే ముందే మాత్రల సంగతి చెప్పండి.

ప్రశ్న: పన్ను పీకించాలి. మాత్రలు అయిదు రోజులు ఆపి రమ్మన్నారు.
— గుణుపురం

జవాబు: ఆపకండి. తొందర లేని పన్నైతే ఆరు నెలల యాంజియోగ్రామ్ అయ్యేదాకా వాయిదా వేయండి. చీము పట్టి తప్పనిసరైతే మాత్రలు నడుస్తుండగానే, ఒకసారికి ఒకటే పన్ను, పొద్దున పూట తీయించండి. రక్తం కారితే పగలు చూసుకోవచ్చు. కుట్టు వేసి, రక్తం ఆపే ట్రానెక్సామిక్ యాసిడ్‌లో తడిపిన గాజుగుడ్డ అరగంట కొరికి పట్టుకుంటే సాధారణంగా ఆగుతుంది. నొప్పికి పారాసిటమాల్ ఒక్కటే.

ప్రశ్న: మా అమ్మాయికి 34. జాలీ వేసినప్పటి నుంచి నెలసరి పది రోజులు ఆగట్లేదు. ఇక్కడి డాక్టరమ్మ రక్తం ఆగే మాత్రలు రాశారు.
— ఒక తల్లి, బరంపురం

జవాబు: ఆ చీటీ మీద ట్రానెక్సామిక్ యాసిడ్ అని ఉంటే, వేసే ముందు ఆగి జాలీ వేసిన వైద్యులను అడగండి. పై జవాబులో గాజుగుడ్డకు వాడమన్నదీ ఇదే మందు. కానీ అక్కడ అది పంటి గుంటలోనే పని చేస్తుంది. మింగితే ఒళ్ళంతా తిరిగి గడ్డలు నిలిచేలా చేస్తుంది, కొత్త జాలీ ఉన్న మనిషికి అది ప్రమాదం. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలూ అంతే, అవి రక్తపోటు కూడా పెంచుతాయి. ప్రొజెస్టిరోన్ రకాలు, హార్మోన్ ఉన్న లూప్ లాంటి దారులున్నాయి. రాగి లూప్ రక్తస్రావాన్ని ఇంకా పెంచుతుంది, అది వద్దు. ఇద్దరు డాక్టర్లూ ఫోన్‌లో ఒక్కసారి మాట్లాడుకుంటే తేలిపోతుంది. మీరే కలపండి, మొహమాటపడొద్దు. హిమోగ్లోబిన్ చూపించి ఐరన్ మొదలుపెట్టండి. పిల్లల ఆలోచన ఉంటే రెండు మందుల కాలం పూర్తయ్యేదాకా వాయిదా మంచిది.

ప్రశ్న: ఆరు నెలలకు యాంజియోగ్రామ్ తీశారు. "జాలీ లోపల 40 శాతం ఇరుకు, బుడగలోకి ఇంకా కొంచెం రక్తం పోతోంది" అని రాశారు. అంటే ఆపరేషన్ ఫెయిలైనట్టేనా? మళ్ళీ వేయించాలా?
— బరంపురం

జవాబు: ఫెయిలైనట్టు కాదు. ఈ చికిత్స నెమ్మదిగా పనిచేసేది. పైప్‌లైన్‌కు అమెరికాలో 2011లో అనుమతి రావడానికి ఆధారమైన పఫ్స్ అధ్యయనంలో పెద్ద బుడగలే తీసుకున్నారు. ఆరు నెలలకు పూర్తిగా మూసుకున్నవి నూటికి సుమారు 74, ఏడాదికి 87, అయిదేళ్ళకు 95. ఆరు నెలలప్పుడు మిగిలినవాటిలో చాలా భాగం తర్వాత వాటంతటవే మూసుకున్నాయి. రిపోర్టులో ఓకేఎం అని ఏ, బీ, సీ, డీ అక్షరాలు రాసి ఉంటే అవి ఎంత రక్తం పోతోందో చెప్పేవి. ఏ అంటే నిండుగా, డీ అంటే పూర్తిగా మూసుకుంది. సీలో ఉన్నవాళ్ళను సాధారణంగా ఆగి చూస్తారు. ఏడాది దాటినా ఏలోనో బీలోనో ఉండిపోతేనే రెండో జాలీ మాట వస్తుంది. బుడగలోంచే ఒక కొమ్మ ధమని బయలుదేరుతుంటే మూసుకోవడం ఆలస్యమవుతుంది, ఆ కొమ్మ రక్తాన్ని లాగుతూనే ఉంటుంది కాబట్టి.

ఇరుకు గురించి: జాలీ మీద లోపొర పెరగాలని మనమే కోరుకున్నాం, అది కాస్త మందంగా పెరిగింది. 40 శాతం ఇరుకు చాలామందికి ఏ లక్షణమూ చూపదు, తర్వాతి పరీక్షలో తగ్గి కనిపించడమూ మామూలే. అయితే ఈ ఇరుకు చూశాక చాలా బృందాలు రెండో మాత్రను ఇంకొన్ని నెలలు పొడిగిస్తాయి. ఆరు నెలలు అయ్యాయని మీ అంతట మీరు ఆపేయకుండా "ఎప్పుడు ఆపాలి" అని కాగితం మీద రాయించుకోండి. బీడీ, చుట్ట, అడ్డపొగ, గుడాఖు మానాలి. రక్తపోటు 130/80 దరిదాపుల్లో ఉండాలి. చెప్పడం సులువు, మానడం కష్టమని మాకు తెలుసు. అయినా మీ చేతిలో ఉన్నవాటిలో ఇంతకంటే పెద్ద మందు లేదు.

ప్రశ్న: మా అన్నయ్యకు మెదడు వెనక భాగపు ధమనిలో ఎన్యూరిజమ్ ఉందన్నారు. ఫ్లో డైవర్టర్ వేయించాలా వద్దా తేల్చుకోలేకపోతున్నాం. ప్రమాదం ఎంత?
— పర్లాకిమిడి

జవాబు: చోటును బట్టి చాలా తేడా ఉంటుంది. ఇంట్రెపెడ్‌లో మొత్తం మీద నరాల నష్టం గానీ మరణం గానీ నూటికి 8.4. మెడ నుంచి మెదడు ముందు భాగానికి వెళ్ళే పెద్ద ధమనిలో 10 మిల్లీమీటర్ల లోపు బుడగలకు 4.8. వెనక ధమనులకు 16.4. వెనక ధమని నుంచి మెదడు కాండానికి వెంట్రుకల్లాంటి సన్న కొమ్మలు పోతాయి, జాలీ కింద అవి మూసుకుంటే నష్టం పెద్దది. పైగా ఈ లెక్కలు ఆనాటి పరికరాలవి, ఆనాటి చేతులవి. కాబట్టి అన్నయ్య విషయంలో అడగాల్సింది ఇది: బుడగ ఆకారం ఏమిటి, మూతి సన్నగా ఉందా లేక ధమని మొత్తం ఉబ్బిందా, కాయిల్స్‌తో గానీ, తల తెరిచి బుడగ మూతికి క్లిప్ పెట్టే ఆపరేషన్‌తో గానీ కుదరదా, వేయకుండా ఏడాదికోసారి స్కాన్‌తో చూస్తూ ఉంటే పగిలే అవకాశమెంత, ఆ బృందం వెనక ధమనిలో ఇలాంటివి ఎన్ని చేసింది. ఈ ప్రశ్నలకు విసుక్కోకుండా జవాబిచ్చే చోటే చేయించండి. రెండో అభిప్రాయం తీసుకోవడానికి యాంజియోగ్రామ్ సీడీ ఇవ్వమని అడగడం మీ హక్కు. ఇంకోటి కూడా ఆలోచించండి: ఆరు నెలలు రెండు మందులూ తప్పకుండా వేసుకోగలడా, వలస పనికి పోయే మనిషా, ఈలోగా వేరే ఆపరేషన్ ఏదైనా చేయించాల్సి ఉందా. వీటిలో ఏదున్నా ముందే వైద్యుడికి చెప్పాలి. కొన్నిసార్లు దాన్ని బట్టి చికిత్సే మారుతుంది.

ప్రశ్న: జాలీ ఉండగా ఎమ్మారై తీయించొచ్చా? గజ్జ దగ్గర నల్లగా కమిలింది, తల వెనక రూపాయి బిళ్ళంత జుట్టు ఊడింది.
— సునాబెడ

జవాబు: ఇప్పుడు వాడుకలో ఉన్న ఫ్లో డైవర్టర్లతో 1.5, 3 టెస్లా మిషన్లలో ఎమ్మారై తీయించుకోవచ్చు, పరికరం కార్డు చూపించండి. జాలీ ఉన్నచోట బొమ్మ మసకగా వస్తుంది, అందుకే ఆరు నెలలప్పుడు తీగ పంపి తీసే యాంజియోగ్రామే అడుగుతారు. కమిలిన మచ్చ పసుపు రంగుకు తిరుగుతూ తొడ మీదికి దిగుతుంటే అది మానుతున్నట్టే. అక్కడ ముద్దలా గట్టిపడి గుండెతో పాటు కొట్టుకుంటుంటే, కాలు చల్లబడితే, నడుము, పొత్తికడుపు నొప్పితో కళ్ళు తిరిగితే అదే రోజు డాప్లర్ స్కాన్ (రక్తం పారుదల చూసే అల్ట్రాసౌండ్) చేయించాలి. లోపల రక్తం చేరుతూ ఉండొచ్చు. జుట్టు ఊడింది ఎక్స్‌రే కిరణాలు ఎక్కువసేపు ఒకేచోట పడ్డందువల్ల. రెండు మూడు వారాలకు ఊడుతుంది, సాధారణంగా కొద్ది నెలల్లో మళ్ళీ వస్తుంది. అక్కడ పుండు పడితే మాత్రం చూపించండి. తర్వాతి యాంజియోగ్రామ్‌కి వెళ్ళినప్పుడు ఈ సంగతి వాళ్ళకు చెబితే కిరణాలు వేరే కోణం నుంచి పంపుతారు.